తెల్లారి ఐదింటికి ఒక బస్సు కావాలి

అందరికీ నమస్కారం. జనవరి రహదారి భద్రతా మాసం కదా, పిల్లలకు హెల్మెట్ గురించి నాలుగు మాటలు చెప్పండి మేడమ్ అని మీ ప్రిన్సిపాల్ గారు పిలిచారు. చెప్తాను, కానీ చివర్లో. ముందు ఆటో గురించి మాట్లాడాలి. ఎందుకంటే ఇక్కడ కూర్చున్న మీలో చాలామంది అమ్మలు ఈ పొద్దు కూడా ఆటోలోనే కూలికి పోయుంటారు.

మాది అనంతపురం జిల్లా శింగనమల వైపు పల్లె. మా అమ్మ పదిహేనేళ్లు కూలికి పోయింది. మబ్బులోనే లేచి, సంగటి చేసి, సద్ది క్యారియర్ కట్టుకుని, ఐదయ్యేసరికి రోడ్డు మీద రాగిచెట్టు కింద నిలబడేది. మేస్త్రీ మాట్లాడిన ఆటో వచ్చేది. లోపల సీట్లో నలుగురు, ఎదురుగా పలక మీద నలుగురు, డ్రైవర్‌కు అటొకరు ఇటొకరు, వెనక కాళ్లు వేలాడేసుకుని ముగ్గురు. అమ్మ ఎప్పుడూ వెనకే, లోపల ఊపిరాడదని. ఎడమ చేతిలో క్యారియర్, కుడి చేత్తో పైనున్న ఇనుప కడ్డీ. ఆ కుడి అరచేయి బొటనవేలి కింద కాయ కాచింది. కొడవలి పట్టి పట్టి వచ్చిందేమో అనుకునేదాన్ని. కాదు, కడ్డీ పట్టుకుని వచ్చింది అని అమ్మే ఒకరోజు చెప్పింది.

మా చిన్నమ్మ కంది కోతకు పోతుంటే ఎదురుగా లారీ వచ్చి, ఆటో చక్రం తారురోడ్డు అంచు దిగి, బోల్తా కొట్టింది. ఎవరూ పోలేదు, అదృష్టవంతులు అన్నారు అందరూ. చిన్నమ్మ కుడి భుజం ఈరోజుకీ పైకి లేవదు, జడ వేసుకోలేదు, కూతురు వేయాలి. అది ఏ లెక్కలోకీ రాలేదు.

2024 నవంబర్‌లో గార్లదిన్నె మండలం తలగాసిపల్లి దగ్గర జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. పుట్లూరు మండలం ఎల్లుట్ల నుంచి అరటి తోట పనికి వచ్చి ఆటోలో తిరిగిపోతున్న కూలీలు. బస్సు ఢీకొంది. ఒకే ఊళ్లో అన్ని పాడెలు లేచాయి. ఆ వారమంతా ఆటోలు ఆపారు, ఫైన్లు వేశారు. తర్వాత మళ్లీ మామూలే.

నేను ఫిజిక్స్ చెప్పేదాన్ని కాబట్టి ఒక్క విషయం చెప్పి ముందుకు పోతా. మామూలు ప్యాసింజర్ ఆటోకు పర్మిట్ డ్రైవర్ కాక ముగ్గురికే. దాని బ్రేకులు ఆ బరువుకే చేసినవి. ముందు ఉండేది ఒకటే చక్రం. వెనక ముగ్గురు వేలాడితే ఆ ముందు చక్రం మీద బరువు తగ్గిపోతుంది, హ్యాండిల్ తేలిపోతుంది, డ్రైవర్ ఎంత తిప్పినా బండి తిరగాల్సినంత తిరగదు. ఇక వేగం. 30లో పోయే బండి 60లో పోతే తగిలే దెబ్బ రెండింతలు కాదు, నాలుగింతలు. ఇది డ్రైవర్‌కు తెలియక కాదు, అమ్మకు భయం లేక కాదు. ఆటో దిగగానే మొదట దేవుడికి దండం పెట్టుకునేది మా అమ్మ.

మరి ఎందుకు ఎక్కుతారు? ఆ టైముకు ఇంకోటి లేదు కాబట్టి! ఎండ ఎక్కకముందే తోటలో దిగాలి. మా ఊరికి మొదటి బస్సు ఎనిమిది దాటాక వచ్చేది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో పల్లెవెలుగులో ఆడవాళ్లకు టికెట్ లేదు, చాలా మంచి పని, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటా. కానీ ఎనిమిదింటికి వచ్చే ఉచిత బస్సు ఐదింటికి పనికి పోయే మనిషికి దేనికి పనికొస్తుంది చెప్పండి?

సరే, గట్టిగా రూలు పెట్టి ఆటోకు ముగ్గురినే ఎక్కించమందాం. ఒక ఊరి నుంచి 39 మంది పనికి పోతే 13 ఆటోలు కావాలి. ఆటో లీటరుకు పాతిక కిలోమీటర్లు, బస్సు ఐదు కిలోమీటర్లు వస్తాయనుకుని లెక్క వేయండి. 13 ఆటోలు కలిసి ఒక్క బస్సుకు రెండింతలకు పైగా డీజిల్ తాగుతాయి. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది, నల్ల పొగ వేరే. పైగా ఛార్జీ ముగ్గురి మీదే పడితే కూలి డబ్బులో సగం ఆటోకే పోతుంది. అంటే రూలు ఒక్కటే పెడితే పొగ పెరుగుతుంది, పేదవాళ్ల పని పోతుంది. అదే బస్సు వేస్తే ప్రాణం, డబ్బు, గాలి మూడూ మిగులుతాయి. అందుకే నేను ఫైన్ల గురించి కాక బస్సు గురించి అడుగుతున్నా.

ఎలక్ట్రిక్ బస్సులు మన వైపు కొత్తేం కాదు, 2022 నుంచి తిరుమల ఘాట్ రోడ్డులో తిరుగుతున్నాయి, దిగేటప్పుడు బ్రేకుతో కొంత కరెంటు మళ్లీ బ్యాటరీలోకి పోతుంది. ఉరవకొండ వైపు పోతే కనుచూపు మేర గాలిమరలే. మన గాలితో వచ్చే కరెంటుతో మన అమ్మల బస్సు నడవాలని నాకు గట్టి కోరిక. కానీ దానికోసం ఆగొద్దు, ఇప్పుడున్న డీజిల్ పల్లెవెలుగు ఐదింటికి వచ్చినా నాకు పండగే.

దారి ఉంది. నైట్ హాల్ట్ బస్సు అంటారు, రాత్రి ఊళ్లోనే ఆగి మబ్బులోనే బయల్దేరుతుంది. డ్రైవర్, కండక్టర్ పడుకోవడానికి గది, మరుగుదొడ్డి, లైటు, నీళ్లు కావాలి. వాళ్లూ మనుషులే, బస్సులో దోమల మధ్య పడుకుని తెల్లారి బండి నడపమంటే అదీ ప్రమాదమే. ఆ గది ఊరు ఇవ్వొచ్చు, గ్రామసభలో తీర్మానం రాసి డిపో మేనేజర్‌కు ఇవ్వొచ్చు. బస్సు తోట దాకా రాదు అంటారు, నిజమే. రోడ్డు నుంచి తోటకు ఉండే ఆ రెండు కిలోమీటర్లకు ఆటో పెట్టుకోండి, మట్టిదారిలో మెల్లగా, తక్కువ మందితో. హైవే మీద మాత్రం వద్దు.

ఇప్పుడు హెల్మెట్. 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో రోడ్డు మీద పోయినవాళ్లు 1,68,491 మంది, అందులో హెల్మెట్ లేనివాళ్లు 50 వేలు. ఐఎస్ఐ మార్కు చూసి కొనండి, కింద పట్టీ బిగించండి, వెనక కూర్చున్న అమ్మకూ పెట్టండి. రోడ్డు మీద ఎవరైనా పడి ఉంటే కేసులో ఇరుక్కుంటామేమో అని భయపడకండి, 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టమే సాయం చేసినవాళ్లను కాపాడుతుంది. 108కి ఫోన్ చేయండి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, నేను పోతున్నా. ఈ తెల్లకాగితం వెనక వరుస నుంచి పంపిస్తున్నా. మీ పేరు వద్దు. మీ ఊరు, అమ్మ ఎన్ని గంటలకు రోడ్డు మీదికి వస్తుంది, మొదటి బస్సు ఎన్నింటికి వస్తుంది, ఈ మూడూ రాయండి. తెలియకపోతే ఈ రాత్రి అమ్మను అడిగి, రేపు తెచ్చి ఇవ్వండి.