బడి పిల్లలకు యూనివర్సిటీలో ఉచిత వర్క్‌షాప్‌లు: తీసుకెళ్లాలా, వద్దా? తిరుపతి నుంచి రివ్యూ

నమస్కారం. తిరుపతి, చిత్తూరు జిల్లాల టీచర్లకూ తల్లిదండ్రులకూ పనికొచ్చే వీడియో రివ్యూ ఇది. ఈ మధ్య తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయం చుట్టుపక్కల మండలాల ఉన్నత పాఠశాలల పిల్లలను పిలిచి, ఉదయం నుంచి సాయంత్రం దాకా వర్క్‌షాప్‌లు, ప్రసంగాలు ఏర్పాటు చేసింది. రూపాయి ఫీజు లేదు. చిత్తూరు దారిలో ఉన్న ఒక జిల్లా పరిషత్ బడి పిల్లలతో కలిసి నేనూ రోజంతా అక్కడే ఉన్నాను. ఆ విశ్వవిద్యాలయం పేరు చెప్పడం లేదు. నేను మెచ్చుకోబోయేవీ, తప్పుపట్టబోయేవీ ఇలాంటి కార్యక్రమాలు జరిగే చాలా చోట్ల కనిపించేవే.

ముందే తేల్చి చెబుతాను. వర్క్‌షాప్‌లకు పదికి తొమ్మిది మార్కులు వేస్తాను. ప్రసంగాలకు, ఒక్కదాన్ని పక్కన పెడితే, నాలుగుకు మించి వేయలేను.

ఎన్ని ల్యాబులు చూపించారు, ఎంత పెద్ద యంత్రాలు ఉన్నాయి అన్నది నేను లెక్కలోకి తీసుకోను. పిల్లల చేతిలో వస్తువు ఎంతసేపు ఉంది? ప్రతి ఒక్కరి చేతికీ వచ్చిందా? నేను చూసేది ఈ రెండే. పాఠ్యపుస్తకంలో బొమ్మలు ఎలాగూ ఉన్నాయి. బడిలో లేనిదల్లా ముట్టుకునే అవకాశమే. దాని కోసమే కదా పిల్లలు తెల్లవారుజామున లేచి, అన్నం డబ్బా కట్టుకుని బస్సెక్కేది!

మొదట అరటిపండు ప్రయోగం గురించి చెప్పాలి. పండు కణాల్లోని డీఎన్ఏను బయటకు తీసి కంటితో చూడటమే ఆ ప్రయోగం. బల్లకు ఆరుగురు పిల్లలు, ఒక రీసెర్చ్ స్కాలర్. జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో అరటిపండు ముక్క వేసి ఇచ్చారు. పిల్లలు దాన్ని వేళ్లతో నలిపి గుజ్జు చేశారు. విడిగా ఒక గ్లాసు నీళ్లలో గిన్నెలు తోమే ద్రవం, కొంచెం ఉప్పు వేసి, నురగ రాకుండా మెల్లగా కలిపి ఆ గుజ్జులో పోశారు. సబ్బు ఎందుకో స్కాలర్ ఒక్క మాటలో చెప్పింది: జిడ్డు గిన్నెను వదిలినట్టే, కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర కూడా సబ్బుకు విడిపోతుంది. ఉప్పేమో డీఎన్ఏ పోగులు ఒకదాన్నొకటి నెట్టుకోకుండా దగ్గరకు చేరేందుకు సాయపడుతుంది. తర్వాత గుడ్డలో వడగట్టి, బాగా చల్లబరిచిన ఆల్కహాల్‌ను గ్లాసు అంచు వెంట జారవిడవాలి. ఇక్కడ తొందరపడితే రెండూ కలిసిపోతాయి. తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఊపిరి బిగబట్టి పోశాడు. కాసేపటికి రెండు ద్రవాల మధ్య తెల్లటి జిగురు పోగులు తేలాయి. సన్నటి పుల్లతో తిప్పితే పుల్లకు చుట్టుకున్నాయి.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ పుల్లను కిటికీ వైపు పెట్టి చూస్తూ అడిగింది: "అక్కా, ఇదంతా డీఎన్ఏయేనా?"

స్కాలర్ అవునని తల ఊపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె అలా చేయలేదు. "కాదమ్మా. ఇందులో ఆర్ఎన్ఏ ఉంది, ప్రోటీన్లు ఉన్నాయి, పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం కూడా ఉంది. డీఎన్ఏను మాత్రమే విడదీయాలంటే ఇంకా చాలా పని ఉంది. నేను రోజూ చేసేది ఆ పనే" అని చెప్పి, పక్క గదిలోని సెంట్రిఫ్యూజ్ దగ్గరకు, అంటే గొట్టాలను గిర్రున తిప్పి బరువైన పదార్థాన్ని అడుక్కి చేర్చే యంత్రం దగ్గరకు, తీసుకెళ్లింది. చిన్న గొట్టాల్లో మిగిలిన ద్రవం పోయించి, ఎదురెదురు గొట్టాల బరువు సమానంగా ఉండేలా పిల్లల చేతనే అమర్చించి, మూత వేయించింది. బరువు సరిపోకపోతే యంత్రం ఎలా ఊగిపోతుందో చెప్పింది. యంత్రం ఆగాక గొట్టం అడుగున గడ్డకట్టిన పదార్థాన్ని చూపించింది. ఈ అరగంట కోసమైనా ఆ రోజు రావచ్చు. తనకు తెలిసినదాన్ని పెద్దది చేసి చెప్పకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి దొరకడం పిల్లలకు పెద్ద లాభం.

అదే బల్ల దగ్గర ఇంకో విషయం గమనించాను. మొదట్లో మగపిల్లలు సామాను లాక్కున్నారు, ఆడపిల్లలు నోటుపుస్తకం తెరిచి రాసుకోవడం మొదలుపెట్టారు. స్కాలర్ వెంటనే ఆపింది. "రాసేది తర్వాత. ఇప్పుడు పుల్ల ఒక్కొక్కరి చేతికీ రావాలి" అంది. అన్ని బల్లల దగ్గరా అలా జరగలేదు. ఒకచోట ఇద్దరు అబ్బాయిలు ప్రయోగమంతా చేసేస్తే, నలుగురు అమ్మాయిలు వెనక నిలబడి చూశారు. టీచర్లు దీన్ని బడిలోనే చెప్పి తీసుకెళ్లాలి. అక్కడికి వెళ్లాక సర్దడం కష్టం.

రెండో వర్క్‌షాప్‌లో అట్టపెట్టెతో వర్ణపటదర్శిని, అంటే వెలుగును రంగులుగా విడదీసి చూపే పరికరం, చేయించారు. పెట్టెకు ఒకవైపు బ్లేడుతో సన్నటి చీలిక, రెండోవైపు పాత సీడీ ముక్క. సీడీ మీద గాడుల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే ఒక్క మిల్లీమీటరులో సుమారు 625 గీతలు. వాటి మీద పడిన వెలుగు రంగులుగా విడిపోతుంది. ఇంతవరకు చాలామందికి తెలిసినదే. ఇక్కడ బాగున్నది ఆ తర్వాతి పని. పిల్లలను వరండాలోకి పంపి, పాత ట్యూబ్‌లైటునూ కొత్త ఎల్ఈడీ బల్బునూ మార్చి మార్చి చూడమన్నారు. ఎల్ఈడీలో రంగులు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి కనిపించాయి. ట్యూబ్‌లైటులో మాత్రం విడివిడి గీతలు, వాటిలో ఆకుపచ్చ గీత మరీ స్పష్టంగా. అది ట్యూబులోని పాదరసపు ఆవిరి నుంచి వచ్చే వెలుగు. నక్షత్రంలో ఏ మూలకాలు ఉన్నాయో భూమ్మీద నుంచే ఎలా తెలుసుకుంటారో పిల్లలకు అక్కడే అర్థమైంది. సూర్యుడి వైపు మాత్రం పెట్టెను పెట్టవద్దని ఇద్దరు వలంటీర్లు వరండాలో కాపలా ఉన్నారు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది. పెట్టెను ఎవరిది వాళ్లు ఇంటికి తీసుకెళ్లారు.

మూడో చోట పిల్లలను వరసగా నిలబెట్టి, అద్దం వెనక ఉన్న యంత్రాన్ని చూపించి, అది ఎన్ని లక్షలో చెప్పి, ముట్టుకోవద్దని హెచ్చరించి పంపేశారు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

ఇక ప్రసంగాలు. పొద్దున ప్రారంభ సభ, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, వేదిక మీద ఉన్న ప్రతి పెద్దమనిషీ మాట్లాడటం. అది ముగిసేసరికి దాదాపు గంటన్నర పోయింది. ఆ సమయమంతా వర్క్‌షాప్‌ల నుంచే కోసేశారు. చివరి బ్యాచ్ పిల్లలకు సీడీ పెట్టె పూర్తి కాకుండానే బస్సు వేళయింది. నాకు చాలా బాధ కలిగింది. సత్యవేడు వైపు నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు. ఆ బ్యాచ్‌కు అన్నిటికన్నా దూరం, అన్నిటికన్నా తక్కువ సమయం. నిర్వాహకులు ఈ వీడియో చూస్తుంటే ఒక్క విన్నపం: సభ పెట్టండి, పదిహేను నిమిషాల్లో ముగించండి. దూరం నుంచి వచ్చిన బడికి మొదటి బ్యాచ్ ఇవ్వండి.

సభ తర్వాత ఆడిటోరియంలో జరిగిన ప్రసంగం ఇంగ్లీషులో, అక్షరాలతో నిండిన స్లయిడ్లతో సాగింది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పిల్లలే కాదు, ఇంగ్లీషు మాధ్యమం పిల్లలు కూడా పది నిమిషాల్లో వదిలేశారు. చెప్పినాయన విషయం తెలిసినవారే, సందేహం లేదు. ఎదురుగా కూర్చున్నవాళ్ల వయసు పన్నెండు, పద్నాలుగు మధ్య అన్నది మాత్రం ఆయన మనసులో లేదు.

మధ్యాహ్నం ప్రసంగం వేరు. దాని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. భూగర్భశాస్త్రం చెప్పే ఒక అధ్యాపకుడు వచ్చి, బల్ల మీద రెండు రాళ్లు పెట్టి, కిటికీలోంచి కనబడుతున్న తిరుమల కొండను చూపించారు. ఘాట్ రోడ్డులో వెళ్లేటప్పుడు కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన రాయి) కనిపిస్తాయి. కింది రాయి వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. పైనున్న నగరి క్వార్ట్‌జైట్ వయసు దాదాపు 160 కోట్ల ఏళ్లు. అంటే రెండు రాళ్లు తాకే ఆ గీత దగ్గర పదుల కోట్ల ఏళ్ల చరిత్రకు రాతి ఆనవాలు లేదు. అంతకాలం కొత్త పొరలు పేరుకోలేదు, ఉన్నది కోతకు గురైంది. దాన్ని ఎపార్కియన్ అసంగతి అంటారు. జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. దర్శనానికి బస్సులో ఎన్నోసార్లు ఆ మలుపులు దాటిన పిల్లలు నోళ్లు తెరిచి విన్నారు.

తర్వాత రాళ్లను పిల్లల మధ్యకు పంపి, ఒక ఇనుప మేకు ఇచ్చి గీయమన్నారు. క్వార్ట్‌జైట్ మీద గీస్తే బూడిదరంగు చార పడింది. "గీత పడింది సార్" అని అరిచారు. "వేలితో తుడవండి" అన్నారాయన. చార పోయింది. మేకు రాయిని గీయలేదు, రాయే మేకును అరగదీసింది. ఆ చార ఇనుముది. అప్పుడు చూడాలి పిల్లల ప్రశ్నలు! శిలాతోరణం ఎలా ఏర్పడింది, ఎర్రచందనం ఈ కొండల్లోనే ఎందుకు ఎక్కువ, మా ఊరి గుట్ట ఏ రాయి? ఆఖరి ప్రశ్న వేసిన పిల్లవాడితో, వచ్చేసారి ఒక ముక్క పట్టుకురమ్మని చెప్పారు. ఈ ప్రసంగానికి పదికి పది.

ఏడో తరగతి పిల్లలను తీసుకెళ్లండని నా సలహా. చాలా బడులు తొమ్మిదో తరగతిని మాత్రమే తీసుకొచ్చాయి. పదో తరగతిని పరీక్షల పేరుతో ఎవరూ పంపరు, వాళ్లతో వాదించి లాభం లేదు. కానీ ఆ రోజు ఎక్కువ ప్రశ్నలు అడిగింది చిన్న పిల్లలే. తప్పు మాట్లాడతామేమోనన్న బెరుకు వాళ్లకు ఇంకా రాలేదు.

ఉచితం అన్న మాట గురించి కూడా చెప్పుకోవాలి. లోపల ఉచితమే. గేటు దాకా రావడానికి బస్సు కావాలి. ప్రైవేటు బడులకు సొంత బస్సులు ఉంటాయి. ప్రభుత్వ బడి హెడ్‌మాస్టరు ఆ డబ్బు ఎక్కడి నుంచి తేవాలి? నేను వెళ్లిన బడి, పక్క ఊరి బడితో కలిసి ఒక బస్సు మాట్లాడుకుంది. పూర్వ విద్యార్థి ఒకరు డీజిల్ ఖర్చు భరించారు. విశ్వవిద్యాలయాల దగ్గర బస్సులు ఉన్నాయి. ఏడాదికి రెండు మూడు మారుమూల బడులకైనా వాటిని పంపితే, ఈ కార్యక్రమం నిజంగా అవసరమైన పిల్లలకు చేరుతుంది. లేదా స్కాలర్లే బడికి వెళ్లాలి. అరటిపండు, ఉప్పు, సబ్బు మోసుకెళ్లడానికి లారీ అక్కర్లేదు.

తిరుపతికి దగ్గరలో ఉన్న టీచర్లకు ఇంకొన్ని చోట్లు చెబుతాను. అలిపిరి దగ్గర ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. టికెట్ కొనాలి, కానీ ప్రదర్శనలను పిల్లలు తామే తిప్పి, నొక్కి చూడొచ్చు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్‌టీ రాడార్‌లో (వాతావరణంలోని మూడు పొరల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలే ఆ ఎంఎస్‌టీ) 130 మీటర్ల చదరంలో 1024 యాంటెన్నాలు బారులు తీరి ఉంటాయి. 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో తలపైన గాలి ఎలా కదులుతోందో అది కనిపెడుతుంది. పాకాల, చంద్రగిరి పిల్లలు దాని పక్క నుంచే బస్సుల్లో వెళుతుంటారు. అనుమతి కోసం బడి తరఫున ముందుగా లేఖ రాయాలి. ఏర్పేడు మండలంలో ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్య, పరిశోధనల జాతీయ సంస్థ) రెండూ ఉన్నాయి, రెండూ 2015లో మొదలైనవే.

అన్నీ సైన్సే ఎందుకు ఉండాలి? ఎస్వీ విశ్వవిద్యాలయంలోని ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్ర గ్రంథాలు ఉన్నాయి. పిల్లలకు ఒక ఎండుతాటాకు, దాని మీద రాసే ఇనుప కలం గంటం ఇచ్చి తమ పేరు గీయమని, ఆ గీతల్లో మసి పట్టించమని అంటే, అక్షరం పైకి తేలే ఆ క్షణం అరటిపండు ప్రయోగానికి ఏమీ తీసిపోదు. కుప్పంలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఆ వైపు బడులకు తిరుపతి చాలా దూరం. భాషల మీద, జానపద కళల మీద అక్కడే ఇలాంటి రోజు ఒకటి జరిగితే ఎంత బాగుంటుంది!

వెళ్లే ముందు నిర్వాహకులకు ఫోను చేసి తప్పక అడగవలసినవి చెబుతాను. బల్లకు ఎంతమంది పిల్లలు? పది దాటితే రెండు బ్యాచ్‌లు చేయమనండి. ప్రసంగం ఏ భాషలో? తెలుగులో చెప్పేవారు కావాలని మొహమాటం లేకుండా అడగండి. ఇస్తారు. తాగునీరు, ఆడపిల్లలకు టాయిలెట్లు ఏ భవనంలో ఉన్నాయో కూడా ముందే కనుక్కోండి. నేను వెళ్లిన చోట ఇవి చక్కగా ఉన్నాయి. తిరిగొచ్చాక పిల్లలకు వచ్చిన ఆలోచనలు వదిలేయకండి. బడి పిల్లల కొత్త ఆలోచనలను ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకానికి బడి నుంచి పంపితే, ఎంపికైన ఆలోచనకు నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు ఇస్తారు.

తేదీల విషయానికొస్తే, అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు. ఫిబ్రవరి 28 జాతీయ విజ్ఞాన దినోత్సవం, 1928లో సి.వి. రామన్ తన ఆవిష్కరణను ప్రకటించిన రోజు. పరిశోధన సంస్థలు బడి పిల్లల కోసం ఎక్కువగా తలుపులు తెరిచేది ఈ రోజుల్లోనే. ఫిబ్రవరి కార్యక్రమానికి జనవరిలోనే లేఖ పంపండి, సంక్రాంతి సెలవుల తర్వాత అంటే ఆలస్యమైపోతుంది. లేఖలో పిల్లల సంఖ్య, తరగతి, బస్సు చేరే సమయం రాయండి. మీ మండలం ఎంత దూరమో కూడా రాసి, మొదటి బ్యాచ్ కావాలని అడగండి.