84 రోజుల నిర్ణయం: నిపుణుల సలహా ప్రభుత్వ విధానంగా ఎలా మారుతుంది?

[తెరపై: కోవిన్ పోర్టల్, 2021 మే నెల]

2021 మే నెల మధ్యలో కొవిడ్ టీకా కొవిషీల్డ్ రెండో డోసు కోసం, స్లాట్లు నమోదు చేసుకునే కోవిన్ పోర్టల్ తెరిచినవారికి, మొదటి డోసు వేయించుకుని 84 రోజులు పూర్తయితే తప్ప కొత్తగా స్లాటు దొరకని పరిస్థితి ఏర్పడింది. జనవరి 16న టీకాల కార్యక్రమం మొదలైనప్పుడు ఈ వ్యవధి నాలుగు నుంచి ఆరు వారాలు మాత్రమే. మార్చి 22న ఆరు నుంచి ఎనిమిది వారాలైతే మేలని రాష్ట్రాలకు చెప్పిన కేంద్రం, మే 13న దానిని 12 నుంచి 16 వారాలకు పెంచింది. రోజువారీ కేసులు 4 లక్షలు దాటి, టీకా కేంద్రాల ముందు జనం బారులు తీరుతున్న సమయంలో వెలువడిన నిర్ణయం కాబట్టి, దీనికి కారణం వైద్యశాస్త్రమా, టీకాల కొరతా అన్న అనుమానం రావడం సహజమే.

టీకాల విషయంలో కేంద్రానికి సలహా ఇచ్చేది 2001లో ఏర్పాటైన జాతీయ సాంకేతిక సలహా బృందం. కొవిడ్ టీకాలను పరిశీలించేందుకు దాని కింద డాక్టర్ ఎన్.కె. అరోరా అధ్యక్షతన ఒక కార్యబృందం పనిచేసింది. ఆ సిఫారసును నీతి ఆయోగ్ సభ్యుడు డాక్టర్ వి.కె. పాల్ నాయకత్వంలోని జాతీయ నిపుణుల బృందం ఆమోదించాక, ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆదేశంగా మార్చింది. సలహా ఇచ్చేవారికి ఆదేశించే అధికారం ఉండదు. ఆదేశించే శాఖ మాత్రం నిపుణుల పేరు మీదే ప్రజల ముందుకు వస్తుంది.

[తెరపై: రెండు అంకెలు, 55 శాతం, 81 శాతం]

వ్యవధి పెంచడానికి ఆధారం లేకపోలేదు. కొవిషీల్డ్ టీకాను రూపొందించిన ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2021 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన ఫలితాల ప్రకారం, రెండు డోసుల మధ్య ఆరు వారాలకన్నా తక్కువ గడువు ఉన్నవారిలో టీకా సామర్థ్యం సుమారు 55 శాతం కాగా, 12 వారాలు, అంతకు మించి ఉన్నవారిలో అది సుమారు 81 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 8 నుంచి 12 వారాల వ్యవధిని సూచించింది. అయితే డెల్టా రకం కరోనా వైరస్ విస్తరించాక ఒక్క డోసు మీద గడిపే కాలమే ప్రమాదకరంగా మారింది. ఆ మే నెలలోనే బ్రిటన్ ప్రజారోగ్య విభాగం జరిపిన అధ్యయనంలో, డెల్టా వల్ల లక్షణాలతో కూడిన జబ్బు రాకుండా ఒక డోసు ఇచ్చే రక్షణ దాదాపు 33 శాతమేనని, రెండు డోసుల తర్వాత అది 60 శాతానికి చేరుతుందని తేలింది. మన నిర్ణయం వెలువడిన మర్నాడే, అంటే మే 14న, బ్రిటన్ 50 ఏళ్లు పైబడినవారికి వ్యవధిని 12 వారాల నుంచి 8 వారాలకు తగ్గించింది.

నా దృష్టిలో ఇక్కడ అసలు పోల్చి చూడవలసింది వారాల లెక్కను కాదు, కారణం చెప్పిన తీరును. 2020 డిసెంబరు చివర బ్రిటన్ వ్యవధిని పెంచినప్పుడు, ఆ దేశంలోని నలుగురు ప్రధాన వైద్యాధికారులు తోటి వైద్యులకు రాసిన లేఖలో టీకాల కొరత వాస్తవమని దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. వెయ్యిమందికి రెండో డోసు వేస్తే, ఆ మేరకు మరో వెయ్యిమంది మొదటి డోసుకు దూరమవుతారని లెక్క కట్టి చూపించారు. ఆ లేఖతో విభేదించిన వైద్యులు కూడా దేనితో విభేదిస్తున్నారో తెలిసి విభేదించారు.

[తెరపై: మే 13 నాటి ప్రకటన]

మన మంత్రిత్వ శాఖ ప్రకటన, ముఖ్యంగా బ్రిటన్ నుంచి లభించిన ఆధారాలను బట్టి ఈ మార్పు చేసినట్లు చెప్పింది. జూన్‌లో సలహా బృందం సభ్యులు ముగ్గురు, వారిలో జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ పూర్వ డైరెక్టర్ ఎం.డి. గుప్తే ఒకరు, తాము 8 నుంచి 12 వారాలకే సమ్మతించామని, 12 వారాలు దాటిన వ్యవధికి తగిన సమాచారం తమ వద్ద లేదని రాయిటర్స్ వార్తాసంస్థకు తెలిపారు. నిర్ణయం శాస్త్రీయమేనని, సభ్యుల మధ్య భిన్నాభిప్రాయం లేదని అరోరా బదులిచ్చారు. కొరత ఉన్నప్పుడు ఎక్కువమందికి మొదటి డోసు అందించాలనుకోవడం తప్పు కాదు, అది ప్రాణాలు కాపాడే ఆలోచనే. ఆ మాటను ప్రకటనలోనే చెప్పి ఉంటే, నిపుణులు ఒకటి చెప్పారని, ప్రభుత్వం మరొకటి చేసిందని జనం నెలల తరబడి వాదించుకోవలసిన అవసరం వచ్చేది కాదు.

జూన్ 7న వచ్చిన మినహాయింపు ఈ అనుమానాన్ని మరింత పెంచింది. చదువుకో, ఉద్యోగానికో విదేశాలకు వెళ్లేవారికి, టోక్యో ఒలింపిక్స్ బృందానికి 28 రోజులకే రెండో డోసు వేయవచ్చని కేంద్రం అనుమతించి, వారి ధ్రువపత్రంలో పాస్‌పోర్టు సంఖ్య చేర్చాలని సూచించింది. అమెరికా విశ్వవిద్యాలయాలకు బయలుదేరుతున్న తెలుగు విద్యార్థులకు ఇది పెద్ద ఊరట. కానీ ఒకే ఇంట్లో ప్రయాణమయ్యే కుమారుడికి 28 రోజులు, మధుమేహం ఉన్న తండ్రికి 84 రోజులు అంటే, ఆ తేడాకు వైద్యపరమైన కారణం చెప్పడం కష్టం. కార్మికుల కోసం సొంత ఖర్చుతో టీకాలు కొన్న కిటెక్స్ సంస్థ వేసిన కేసులో కేరళ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఇదే అంశాన్ని లేవనెత్తి, డబ్బు చెల్లించి వేయించుకునేవారికి నాలుగు వారాల తర్వాత అవకాశం ఇవ్వాలని 2021 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. కేంద్రం అప్పీలు చేయగా, ఆ ఏడాది చివర డివిజన్ బెంచ్ ఆ తీర్పును కొట్టివేసింది.

2022 మార్చిలో అదే సలహా బృందం రెండో డోసును 8 నుంచి 16 వారాల మధ్య ఎప్పుడైనా వేయవచ్చని సిఫారసు చేసింది. అప్పటికి దేశంలో టీకాల కొరత లేదు.