తీరం దాటాక తుఫాను ఎటు పోతుంది?

అందరికీ నమస్కారం.

"తుఫాను తీరం దాటింది" అన్న వార్త రాగానే మన ఊళ్లల్లో సగం మంది టీవీ కట్టేస్తారు. విలేకరుల బండ్లు సముద్రం ఒడ్డు నుంచి వెనక్కి తిరుగుతాయి. కానీ తగ్గేది గాలి ఒక్కటే, వాన కాదు. ఈ రోజు ఆ తర్వాతి కథే మాట్లాడుకుందాం. అందుకు నేను ఎంచుకున్నది మన బంగాళాఖాతం తుఫాను కాదు, 2018 మే నెలలో అమెరికా నేల మీద నడిచిన ఆల్బర్టో. గాలి లెక్కన చూస్తే మన హుద్‌హుద్ ముందు అది ఏ మూలకీ చాలదు. అయినా నేల మీద తుఫాను వెంటపడటం ఎంత చిక్కో చెప్పడానికి అది చాలా పనికొస్తుంది.

ఆల్బర్టో ఉపోష్ణ తుఫానుగా పుట్టింది. మనకు తెలిసిన తుఫాను వెచ్చటి సముద్రం నుంచి లేచే ఆవిరి మీద బతుకుతుంది. ఆవిరి పైకెళ్లి నీరుగా మారేటప్పుడు వదిలే వేడే దానికి తిండి. చలిదేశాల తుఫానుల దారి వేరు. చల్లగాలి, వేడిగాలి ఎదురుపడిన చోట అవి బలం పుంజుకుంటాయి. ఉపోష్ణ తుఫాను రెండు చేతులా తింటుంది. అందుకే చూడ్డానికీ తికమకగానే ఉంటుంది. నడుమ కన్ను ఉండదు. గట్టి గాలులు కేంద్రం దగ్గర కాక వంద కిలోమీటర్ల అవతల వీస్తాయి. మేఘాలన్నీ ఒక పక్కకి ఒరిగిపోతాయి, రెండో పక్క పొడిగాలి దూరి బోసిగా కనిపిస్తుంది. మన వాతావరణ శాఖ గాలి వేగాన్ని బట్టి అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుఫాను అంటూ మెట్లు పెట్టుకుంది. ఉపోష్ణ తుఫానుకి ఆ మెట్లలో వేరే చోటు లేదు. అమెరికా వాళ్లు మాత్రం 2002 నుంచి వీటికీ మామూలు తుఫానుల జాబితాలోంచే పేర్లు పెడుతున్నారు.

అక్కడ తుఫానుల కాలం జూన్ 1న మొదలు. ఆల్బర్టో ఆగలేదు, మే 25నే మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం దగ్గర పేరు తెచ్చుకుంది. క్యూబాను వరదల్లో ముంచింది. 28న ఫ్లోరిడాలో లాగూనా బీచ్ దగ్గర గంటకు సుమారు 70 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. తర్వాత తీరిగ్గా లెక్కలన్నీ చూస్తే, ఒడ్డు చేరకముందే అది మనకు తెలిసిన రకం, అంటే పూర్తి ఉష్ణమండల తుఫానుగా మారిపోయిందని తేలింది. అంటే వెంటాడుతున్న నిపుణులకే అది ఏ జాతిదో అప్పటికప్పుడు తేల్చడం కష్టమైంది.

సముద్రం మీద ఉన్నంతసేపు విమానాలు తుఫాను కడుపులోకి వెళ్లి పీడనం కొలిచి వస్తాయి. నేల మీదికొచ్చాక ఆ పని విమానాశ్రయాల్లోని పరికరాలు, రాడార్లు, వానకొలత డబ్బాలు, నది మట్టం చూసే కేంద్రాలు చేస్తాయి. ప్రకటనలిచ్చే బాధ్యత కూడా చేతులు మారుతుంది. మయామీలోని హరికేన్ కేంద్రం పక్కకు తప్పుకుని, మేరీల్యాండ్‌లోని వాతావరణ అంచనా కేంద్రానికి అప్పగిస్తుంది. అక్కడివాళ్లకు గాలి కన్నా వాన మీదే ఎక్కువ దృష్టి. గంటగంటకూ వచ్చే పీడనాల అంకెలతో గీతలు గీస్తూ పోతే, గీతలు ఎక్కడ చుట్టుకుంటే అక్కడ కేంద్రం. రాడారూ అన్నీ చూడలేదు. దాని కిరణం తిన్నగా పోతుంటే భూమి కింద వంగిపోతుంది. 200 కిలోమీటర్ల దూరంలో అది దాదాపు 4 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది, దాని కింద ఏం జరుగుతోందో దానికి తెలియదు.

అలా వెంటాడితే ఆల్బర్టో అలబామా, టెన్నెసీ, కెంటకీ, ఇండియానా మీదుగా మే 31 నాటికి మిషిగన్ చేరింది. తీరం దాటిన చోటికి సుమారు 1,500 కిలోమీటర్ల దూరాన, ఇంకా వాయుగుండం రూపు చెదరకుండా!

అయితే మ్యాపు మీద కేంద్రం చుక్కనే చూస్తూ కూర్చున్నవాళ్లు అసలు ప్రమాదాన్ని చూడలేదు. కేంద్రం పడమరగా, ఎక్కడో కొన్ని వందల కిలోమీటర్ల అవతల ఉండగా, నార్త్ కరోలినా కొండల్లో వాన దంచికొట్టింది. తుఫానుకి తూర్పు పక్కన దక్షిణం నుంచి తడిగాలి ఎగదన్నుకొస్తుంది. దారిలో బ్లూ రిడ్జ్ కొండలు అడ్డొస్తే ఆ గాలి పైకెక్కి ఉన్నదంతా అక్కడే కుమ్మరిస్తుంది. కొండచరియలు జారాయి. టహోమా చెరువు ఆనకట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ జనాన్ని రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. ఆనకట్ట నిలిచింది. చుక్కని వెంటాడటం కాదు, తడిగాలి ఎటు పోతోందో, దానికి ఏ కొండ అడ్డొస్తుందో చూడాలని నేను పదేపదే అనేది ఇందుకే.

సముద్రం లేకుండా అది అంత దూరం ఎలా నిలిచింది? జార్జియా విశ్వవిద్యాలయంలో థెరిసా ఆండర్సన్, మార్షల్ షెపర్డ్ 1979 నుంచి 2008 దాకా నేల మీదికొచ్చిన 227 తుఫానుల్ని పరిశీలించారు. వాటిలో 45 బలం తగ్గలేదు, లేదా పెంచుకున్నాయి. ఆ 45లో 16 చలిదేశపు తుఫానులుగా మారకుండా తమ స్వభావాన్ని నిలుపుకున్నాయి. ముందే వానలు పడి బాగా నానిన నేల ఆవిరిని వదులుతూ కొంతమేర సముద్రం పని చేస్తుందని వాళ్ల మాట. 2007 ఆగస్టులో ఎరిన్ అనే తుఫాను టెక్సస్ దగ్గర తీరం దాటింది. మూడు రోజుల తర్వాత ఓక్లహోమా నడుమ, సముద్రం మీద కన్నా ఎక్కువ బలంతో తిరిగింది. ఆ వేసవి అక్కడ తెగ వానలు. ఆల్బర్టోకి కూడా తడి నేల కొంత సాయపడి ఉంటుందని నా అనుమానం. కానీ ఆకాశంలో ఎత్తున వీచే గాలుల పాత్రను తక్కువ చేయకూడదు.

మన దగ్గర గులాబ్ ఉంది కదా. 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటింది. తెలంగాణను తడిపి, మహారాష్ట్ర మీదుగా అల్పపీడనంగా నీరసించి, గుజరాత్ దగ్గర అరేబియా సముద్రంలో దిగింది. అక్కడ మళ్లీ బలపడి తుఫానైంది. మధ్యలో అల్పపీడనం స్థాయికి దిగిపోయింది కాబట్టి పాత పేరు చెల్లలేదు. షాహీన్ అన్న కొత్త పేరుతో వెళ్లి అక్టోబరు 3న ఒమన్‌ను కొట్టింది. కళింగపట్నంలో టీవీ కట్టేసినవాళ్లకు ఈ రెండూ ఒకటేనని తెలిసి ఉండదు.

ఈసారి తుఫాను మీ ఊరి లోపలికొస్తే, ఫోను పనిచేయకపోయినా కేంద్రం ఎటుందో కనిపెట్టొచ్చు. గాలికి వీపు పెట్టి నిలబడండి. కేంద్రం మీ ఎడమ చేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. చెట్లు, మిద్దెలు అడ్డంలేని చోట చూడాలి, లేకపోతే గాలి దారి మళ్లి మిమ్మల్ని మోసం చేస్తుంది. గంటగంటకూ గాలి వచ్చే దిక్కు రాసుకోండి. ఆ దిక్కు సవ్య దిశలో, గడియారం ముల్లులా తిరుగుతోందంటే, తుఫాను నడుస్తున్న దారికి మీరు కుడివైపున ఉన్నారన్నమాట. నార్త్ కరోలినా కొండలూ ఆల్బర్టో దారికి ఆ వైపే ఉన్నాయి.

ఆల్బర్టో రాడార్ బొమ్మలు ఇప్పుడు తెర మీద వేస్తాను. చూస్తూ ప్రశ్నలు అడగండి.