బెయిలు ఉత్తర్వుకూ జైలు గేటుకూ మధ్య

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సంస్థ భాగస్వాములకు, జూనియర్ న్యాయవాదులకు, గుమాస్తాలకు నమస్కారం. పేరు పేరునా పలకరించాలని ఉన్నా సమయం తక్కువ. మన్నించండి.

1987లో పార్లమెంటు చేసిన న్యాయ సేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది. అదే తేదీన ఈ న్యాయవాద సంస్థ పేదలకు ఉచితంగా కేసులు నడుపుతామని రాతపూర్వకంగా మాట ఇస్తోంది. మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాను. మీరిచ్చిన సంకల్ప పత్రం పూర్తిగా చదివాను. ఎవరి కేసు తీసుకోవాలి, ఎవరు పరిశీలించాలి, ఏడాదికి ఎన్ని గంటలు కేటాయించాలి అన్నవన్నీ వివరంగా ఉన్నాయి. ఉత్తర్వు వచ్చాక ఏం చేస్తారో మాత్రం ఒక్క వాక్యమూ లేదు. నేను మూడు అంశాలు మాట్లాడదామని వచ్చాను. మొదటి రెండూ త్వరగా ముగిస్తాను. ఈ లోటు గురించి చెప్పకుండా మాత్రం వేదిక దిగను.

మొదటిది అర్హత. చట్టంలోని 12వ సెక్షన్ దగ్గర పెట్టుకోండి. మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగల వారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, వరద, కరువు వంటి విపత్తుల బాధితులు, మనుషుల అక్రమ రవాణాకు గురైనవారు, నిర్బంధంలో ఉన్నవారు. వీళ్లకు ఆదాయ పరిమితి లేదు. మళ్లీ చెబుతున్నాను, లేదు. ఉచిత సాయం కోసం వచ్చిన ఆడమనిషిని ఆదాయ ధ్రువపత్రం తెమ్మని మండల ఆఫీసుకు తిప్పడం చట్టం తెలియక చేసే పని. ఆదాయం లెక్క అవసరమైన మిగతా వారి విషయంలోనూ అఫిడవిట్ సరిపోతుందని 13వ సెక్షన్ చెబుతోంది. నమ్మకపోవడానికి కారణం ఉంటే తప్ప వేరే కాగితం అడగనక్కర్లేదు.

ఇక్కడే ఒక ఆచరణ మాట. కేసును మీరు నేరుగా తీసుకుంటే మీ ఫీజు ఒక్కటే మాఫీ అవుతుంది. కోర్టు ఫీజు, బత్తా, నకళ్లు, తర్జుమా, టైపింగ్ ఖర్చులు ఆ మనిషి నెత్తిన అలాగే ఉంటాయి. అదే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా వస్తే ఆ ఖర్చులు ఆ సంస్థ భరిస్తుంది. అందుకని అర్హత ఉన్నవారి చేత ముందు అక్కడ దరఖాస్తు పెట్టించండి. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. అర్హత కుదరని వారికి ఈ చిల్లర ఖర్చులు మీ సంస్థే పెట్టుకోవాలి. దానికి బడ్జెట్‌లో ఒక పద్దు తెరవండి. సర్టిఫైడ్ కాపీకి డబ్బులు కట్టలేక అప్పీలు గడువు దాటిపోతే, ఉచితంగా వాదించిన ఆ వాదన ఎవరికి ఉపయోగపడినట్టు?

రెండోది నాణ్యత. 2019లో మధ్యప్రదేశ్ నుంచి ఒక మరణశిక్ష కేసు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. ఉచిత న్యాయవాదిని నియమించిన రోజే అభియోగాలు మోపారు. రెండు వారాలలోపే విచారణ ముగిసి తీర్పు కూడా వచ్చేసింది. సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసి విచారణ మళ్లీ మొదటినుంచి జరపమంది. జీవితఖైదు, మరణశిక్ష పడే అవకాశం ఉన్న కేసుల్లో కనీసం 10 ఏళ్ల అనుభవం ఉన్నవారినే నియమించాలనీ, సిద్ధం కావడానికి మామూలుగా కనీసం 7 రోజులు ఇవ్వాలనీ చెప్పింది. భాగస్వాములకు నా విన్నపం: ఉచిత కేసులను నిన్నగాక మొన్న చేరిన జూనియర్ చేతిలో పెట్టి మరిచిపోకండి. వకాల్తా మీద ఇద్దరి పేర్లు ఉండాలి, అందులో ఒకరు సీనియర్ కావాలి. జూనియర్లు ఉద్యోగం మారుతుంటారు, సహజం. వెళ్లేముందు ఉచిత ఫైళ్లు ఎవరికి అప్పగించారో సంతకంతో నమోదు చేయించండి. డబ్బులిచ్చే క్లయింటు తన ఫైలు ఎక్కడుందని ఫోన్ చేసి అడుగుతాడు. జైల్లో ఉన్నవాడు అడగలేడు.

ఇప్పుడు అసలు సంగతి.

1978లో మోతీరామ్ కేసు. మధ్యప్రదేశ్‌లో ఒక పేద తాపీమేస్త్రి. బెయిలు ఇమ్మని సుప్రీంకోర్టే చెప్పింది. కింది మేజిస్ట్రేటు 10,000 రూపాయలకు షూరిటీ, అంటే పూచీ ఉండే జామీనుదారును, అడిగారు. ఆ రోజుల్లో తాపీమేస్త్రికి అది ఎంత మొత్తమో ఆలోచించండి. తమ్ముడో అన్నో, తోడబుట్టినవాడు జామీను ఉంటానని ముందుకొచ్చాడు. అతనూ, అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని తిరస్కరించారు. దేశంలోకెల్లా పెద్ద కోర్టు బెయిలు ఇచ్చినా ఆ మనిషి లోపలే ఉన్నాడు! మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు జస్టిస్ కృష్ణయ్యర్ 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. అదే తీర్పులో ఆయన ఒక ప్రశ్న వేశారు. ఒక మలయాళీనో, కన్నడిగుణ్ణో, తమిళుణ్ణో, తెలుగువాణ్ణో బస్తర్‌లోనో, పోర్ట్‌బ్లెయిర్‌లోనో, చాందినీచౌక్‌లోనో అరెస్టు చేస్తే అంత దూరంలో ఆస్తులున్న షూరిటీలను వాడు ఎక్కణ్ణుంచి తెస్తాడు అని.

ఆ రోజు ఆయన మన తెలుగువాడి తరఫున అడిగారు. ఈ రోజు అదే ప్రశ్న మనకు ఎదురుగా నిలబడింది. హైదరాబాద్ చుట్టుపక్కల మేడలు కడుతున్నది ఒడిశా, బీహార్, ఝార్ఖండ్ కూలీలు. ఇటుక బట్టీల్లో ఉన్నదీ వాళ్లే. వాళ్లలో ఒకడు చిన్న దొంగతనం కేసులో చర్లపల్లికో చంచల్‌గూడకో వెళ్తే, ఇక్కడ ఇంటి పన్ను రసీదు ఉన్న మనిషిని ఇద్దర్ని తెమ్మంటాం. ఎక్కణ్ణుంచి తెస్తాడు? తోటి కూలీలకు ఉన్నది రేకుల షెడ్డు. మేస్త్రి ఫోన్ ఎత్తడు. ఊళ్లో ఉన్న భార్యకు తెలుగు రాదు, కేసు నంబరు తెలియదు. చివరికి డబ్బు తీసుకుని జామీను ఉండేవాళ్ల చేతిలో పడతారు. ఇదే జరుగుతోంది, ఈ గదిలో ఉన్న చాలామందికి తెలుసు.

అయ్యా, వెనక వరసల్లో కూర్చున్న గుమాస్తా గార్లు దయచేసి కాస్త ముందుకు రండి. ఈ తరువాతి భాగం మీకోసం. ఖాళీ కుర్చీలున్నాయి, రండి.

బెయిలు ఉత్తర్వు చేతికి రాగానే ముందు నాలుగు విషయాలు సరిచూడండి: క్రైం నంబరు, సెక్షన్లు, ముద్దాయి పేరు, తండ్రి పేరు. రిమాండు వారెంటులో ఉన్నట్టే ఇక్కడా ఉండాలి. ఒక్క అంకె తేడా ఉన్నా రిలీజ్ ఆర్డరు జైలు నుంచి తిరిగి వస్తుంది. శుక్రవారం సాయంత్రం తిరిగివస్తే సోమవారం దాకా ఏమీ చేయలేం. రెండోది, ఆ మనిషి మీద వేరే కేసుందా, వేరే కేసులో ఖైదీని హాజరుపరచమనే పీటీ వారెంటు పెండింగులో ఉందా అని జైలు ఆఫీసులో ఆ రోజే అడగండి. ఒక కేసులో బెయిలు తెచ్చి, రెండో కేసు సంగతి గేటు దగ్గర తెలుసుకోవడం కన్నా దారుణం లేదు.

షూరిటీ విషయానికొస్తే, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 485వ సెక్షన్ ప్రకారం జామీనుదారు స్తోమతకు రుజువుగా అఫిడవిట్‌నే కోర్టు తీసుకోవచ్చు. ఆస్తి స్తోమత చూపుతూ తహసీల్దారు ఇచ్చే సాల్వెన్సీ పత్రం తప్పనిసరని ఆ సెక్షన్ అనలేదు. తానింకా ఎంతమందికి జామీను ఉన్నాడో చెబుతూ 486 కింద ప్రకటన ఇవ్వాలి, అది మరిచిపోతే కాగితాలు వెనక్కి వస్తాయి. మనుషులు దొరకనప్పుడు 490 కింద షూరిటీకి బదులు నగదు జమ చేయడానికి అనుమతి అడగండి. మొత్తం ఎక్కువైతే 484 కింద తగ్గించమని సెషన్స్ కోర్టుకు వెళ్లండి. పూచీకత్తు మొత్తం మితిమీరి ఉండకూడదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కాపీ ప్రతి ఫైలులో పెట్టుకోండి. దాని ప్రకారం బెయిలిచ్చిన కోర్టు ఆ రోజే, లేదా మరునాడు, ఉత్తర్వు సాఫ్ట్ కాపీని జైలు సూపరింటెండెంటు ద్వారా ఖైదీకి ఈమెయిల్ చేయాలి. 7 రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. నెల రోజుల్లో పూచీకత్తులు రాకపోతే కోర్టు తనంతట తాను షరతులు సడలించే విషయం పరిశీలించవచ్చు. స్థానిక షూరిటీనే కావాలనడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని కూడా ఆ ఉత్తర్వు గుర్తించింది, అలాంటి షరతు పెట్టకుండా ఉండవచ్చని సూచించింది. అంతకు 45 ఏళ్ల ముందు మోతీరామ్ కేసులో చెప్పిన మాటే ఇది! మళ్లీ చెప్పాల్సి వచ్చిందంటే నేల మీద ఏం జరుగుతోందో అర్థం చేసుకోండి. డబ్బు లేక ఆగిపోయిన ఖైదీలకు సాయం చేయడానికి కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. మొదలైనప్పుడు విచారణ ఖైదీకి 40,000 రూపాయల దాకా పరిమితి పెట్టారు. అది జిల్లా కమిటీ ద్వారా మంజూరు కావాలి, మాదకద్రవ్యాలు, ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) వంటి కేసులకు వర్తించదు. పథకం ఉందని ఖైదీకి తెలియదు. మనం వెళ్లి దరఖాస్తు కదిలిస్తేనే కదులుతుంది.

జూనియర్లకు ఇంకో మాట. ఇది అనుకున్న వరసలో లేదు, అయినా చెప్పాలి. ఛార్జిషీటు గడువు 60 రోజులా 90 రోజులా అన్నది మొదటి రిమాండు రోజే కాగితం మీద రాయండి. రిమాండు చేసిన రోజు కూడా లెక్కలోకి వస్తుంది. ఛార్జిషీటు రాకుండా గడువు దాటితే బెయిలు హక్కు అవుతుంది, వెంటనే దానికి దరఖాస్తు వేయాలి. మీరు వేయకముందే ఛార్జిషీటు దాఖలైతే ఆ హక్కు పోయినట్టే, ఎంత పెద్ద లాయరు వచ్చినా తిరిగి రాదు. అలాగే అదే సంహితలోని 479వ సెక్షన్ చూడండి. మరణశిక్ష, జీవితఖైదు పడే నేరాలు కాకుండా మిగతా వాటిలో, ఇంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలని వ్యక్తి గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బాండు మీద వదలాలి. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే ఇది అడ్డుపడుతుంది, అందుకే ముందు చెప్పిన ఆరా అంత ముఖ్యం.

ఇదంతా క్రిమినల్ కేసుల గోడు అనుకోకండి. మనోవర్తి కేసు చూడండి. భార్యకు నెలకు ఇంత అని ఉత్తర్వు వచ్చిన రోజు అందరూ అభినందనలు చెప్పుకుని ఫైలు అటక మీద పెడతారు. భర్త రెండు నెలలు ఇచ్చి ఆపేస్తాడు. బకాయి వసూలుకు వారెంటు కావాలంటే, ఆ మొత్తం చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు పెట్టాలి. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పరు. ఏడాదిన్నర ఓపికపట్టి వస్తుంది, అప్పటికి మొదటి ఆరు నెలల బకాయి ఈ దారిలో రాబట్టే వీలు పోయి ఉంటుంది. ఉత్తర్వు ఇప్పించినవారే ఆరు నెలలకోసారి ఆమెకు ఫోన్ చేసి డబ్బు అందుతోందా అని అడగాలి. ఫోన్ ఖర్చు ఎంత?

మూడో అంశం లోక్ అదాలత్ గురించి. సమయం అయిపోయిందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. ఒక్క మాటతో వదిలేస్తాను. అక్కడ కుదిరిన అవార్డు, అంటే రాజీ తీర్పు, మీద అప్పీలు లేదు. కాబట్టి ఉచిత క్లయింటు చేత సంతకం పెట్టించే ముందు, ప్రతి షరతూ ఆ మనిషి భాషలో చదివి వినిపించండి. తొందరపెట్టకండి.

ఇక నేను అడిగేది ఒక్కటే. ఆ సంకల్ప పత్రం మీద ఇంకా సంతకాలు కాలేదని విన్నాను. సంతకాలకు ముందు ఒక పేరా చేర్చండి. ఉచిత కేసు ఫైలు ఉత్తర్వు వచ్చిన రోజున మూసేది కాదు. బెయిలు కేసైతే మనిషి ఇల్లు చేరినట్టు తెలిశాక, మనోవర్తి కేసైతే ఏడాదిపాటు డబ్బు అందినట్టు చూశాక, పరిహారం కేసైతే బ్యాంకు ఖాతాలో జమ అయ్యాక మూయాలి. బెయిలు ఫైలు అట్ట మీద మూడు తేదీలు ఎర్ర సిరాతో వేయండి: ఉత్తర్వు తేదీ, 7వ రోజు, 30వ రోజు. 7వ రోజున జైలుకు ఫోన్ చేసే బాధ్యత ఏ గుమాస్తాది, 30వ రోజున షరతుల సడలింపు పిటిషన్ వేసే బాధ్యత ఏ న్యాయవాదిది అన్నది పేర్లతో సహా ఆ పేరాలో ఉండాలి. గుమాస్తాలకు ఆ రోజు ఆటో ఖర్చులు సంస్థ ఇస్తుందని కూడా రాయండి. రాసి, ఈ సాయంత్రమే సంతకాలు చేయండి.