ఉత్తరం ఒకటే, చదివేవారు వేరు

శ్రోతలకు నమస్కారం.

అత్తిపత్తి ఆకును వేలికొసతో తాకి చూడండి. తాకిన చోటి నుంచి చిట్టి రెక్కలు జంటజంటగా ముడుచుకుంటూ పోతాయి, తాకిడి కాస్త గట్టిదైతే కాడ కూడా వాలిపోతుంది. ఆ తాకిడికి పుట్టిన విద్యుత్ సంచలనం ఒక కణం నుంచి మరొక కణానికి పాకి, కాడ మొదట్లో ఉబ్బుగా కనిపించే భాగాన్ని చేరుతుంది. అక్కడి కణాల్లోంచి పొటాషియం అయాన్లు బయటికి పోవడంతో వాటి వెంట నీరూ పోయి, కణాలు బిగువు కోల్పోతాయి. నరాలూ కండరాలూ లేని మొక్కలో సైతం ఒకచోటి కబురు మరొకచోటికి చేరింది.

అయితే కబురు చేరడం వేరు, దానికి అర్థం ఉండడం వేరు. రెక్కలొచ్చిన ఆడ పట్టుపురుగు గాలిలోకి వదిలే బాంబికాల్ అనే పదార్థాన్ని, దాదాపు 5 లక్షల పురుగుల నుంచి కొద్ది మిల్లీగ్రాములుగా వేరుచేసి, 1959లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త బుటెనాంట్ బృందం గుర్తించింది. ఆ గాలే సోకినా మన ముక్కు దాన్ని పసిగట్టదు. దువ్వెన వంటి స్పర్శశృంగాలున్న మగ పురుగు మాత్రం రెక్కలు టపటపలాడిస్తూ ఆడదాని వైపు నడక మొదలుపెడుతుంది.

నరాలకు, అవయవాలకు మధ్య కూడా ఇటువంటి రసాయనమే దూతగా పనిచేస్తుందని 1921లో శాస్త్రవేత్త ఒట్టో లూవీ నిరూపించారు. ఒక రాత్రి నిద్రలో తట్టిన ప్రయోగాన్ని కాగితంపై గీకి పడుకుంటే, తెల్లవారాక తన రాత తనకే అర్థం కాలేదట! మరుసటి రాత్రి అదే ఆలోచన మళ్లీ రాగానే ఆయన నేరుగా ప్రయోగశాలకు వెళ్లారు. కప్ప గుండె ఒకదానికి వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపించగా ఆ గుండె నెమ్మదించింది. దానిలోని ద్రవాన్ని తీసి నాడి లేని రెండో గుండెకు అందించగా అదీ నెమ్మదించింది. ఆ దూత పేరు అసిటైల్‌కోలిన్.

విచిత్రమేమంటే, గుండెను నెమ్మదింపజేసే ఈ పదార్థమే చేతి కండరాన్ని బిగిసేలా చేస్తుంది. గుండెలోని గ్రాహకం, అంటే కణంపై ఉండి ఆ దూతను అందుకునే అణువు, పొటాషియంకు దారి తెరిపించి కణాన్ని శాంతపరుస్తుంది. కండరంలోని గ్రాహకమో, తానే ద్వారంగా తెరుచుకుని సోడియంను లోపలికి రానిచ్చి కణాన్ని ఉత్తేజపరుస్తుంది.

చేరిన కబురును వెంటనే చెరిపివేయడమూ అంతే అవసరం. కండరం వద్ద ఒక ఎంజైము కొద్ది మిల్లీసెకన్లలోనే అసిటైల్‌కోలిన్‌ను విరిచేస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఆ ఎంజైమునే అడ్డుకోవడం వల్ల కబురు చెరగక, లాలాజలం ధారగా కారుతుంది, కండరాలు అదురుతాయి, చివరికి ఊపిరి కూడా ఆగిపోవచ్చు. అప్పుడు వైద్యులు ఇచ్చే అట్రోపిన్ గుండెలోనూ గ్రంథులలోనూ ఉన్న గ్రాహకాలను తాను ఆక్రమించి, ఆ కబురు వాటికి అందకుండా చేస్తుంది. లాలాజలం తగ్గుతుంది, గుండె పుంజుకుంటుంది. కండరాల అదురు మాత్రం దానితో ఆగదు, ఎందుకంటే అక్కడి గ్రాహకం వేరు.