ఫ్రొమాన్ చక్రం మోటర్: ఏది ప్రింట్ చెయ్యాలె, ఏది లేత్ మీద తియ్యాలె

ఇగో, టేబుల్ మీద రెండు చక్రాలు ఉన్నయి. రెండూ మెటల్ ప్రింటర్ నుంచి వచ్చినయే. రెండూ ఒకే కొలత, 70 ఎంఎం, బండి చక్రం లెక్క ఆరు ఆకులు. ఇప్పుడు చిన్న అయస్కాంతం పెడుతున్నం, చూడుండ్రి. ఎడమ దానికి అంటుకోలేదు, జారి పడ్డది. కుడి దానికి టప్పున పట్టింది. ఎడమది 316ఎల్ స్టెయిన్‌లెస్. కుడిది 420 స్టెయిన్‌లెస్ పొడికి కంచు పట్టించిన రకం. మనం చెయ్యబోయే ఫ్రొమాన్ చక్రం మోటర్‌కు మంచిది ఎడమది. కుడిదాన్ని బిగిస్తే లాగుడు తగ్గుతది. ఎందుకో తెలిసినంక ఏ పాత మోటర్‌నైనా కంప్యూటర్‌లో గీసి ప్రింట్ చేసుకోవచ్చు.

ఈ మోటర్ పద్ధతి గుస్తావ్ ఫ్రొమాన్‌ది. పారిస్‌లో కొలత పనిముట్లు తయారు చేసిన మనిషి. 1840లలో ఇసొంటి మోటర్లు కట్టి, తన వర్క్‌షాప్‌లో స్కేళ్ళ మీద సన్న గీతలు కొట్టే మిషన్లను వాటితోనే నడిపిండు. అంతకు ముందు 1834లో యాకోబి అనే ఇంజనీర్ కట్టిన మోటర్ ఉన్నది, 1837లో అమెరికాలో డావెన్‌పోర్ట్ తీసుకున్న పేటెంట్ ఉన్నది. చిన్నగా చేసుకునేటందుకు ఫ్రొమాన్‌దే మంచిది, ఎందుకంటే పని అంతా కండ్ల ముందే కనిపిస్తది.

చక్రం అంచు మీద, ఇరుసుకు సమాంతరంగా, ఆరు ఇనుప పట్టీలు ఉంటయి. అటొకటి ఇటొకటి ఎదురెదురుగా రెండు గుర్రపునాడా ఎలక్ట్రోమాగ్నెట్లు, అంటే కరెంటు ఉన్నంతసేపే అయస్కాంతమయ్యేవి. పట్టీ దగ్గరికి వస్తుంటే కరెంటు వస్తది, మాగ్నెట్ లాగుతది. పట్టీ సరిగ్గా ఎదురుకు రాకముందే కరెంటు తెగుతది, చక్రం తన ఊపుతోనే ముందుకు పోతది. అంతల ఎనకటి పట్టీ వస్తది. చుట్టుకు ఆరు లాగుడు. కరెంటు దిశ మారేదేం లేదు, వచ్చుడు తెగుడు అంతే. ఇయ్యాల స్విచ్డ్ రిలక్టెన్స్ మోటర్ అని అమ్మేది ఇదే సూత్రం. కరెంటును కలిపి తెంపే సన్న రేకు, అంటే పత్తీ కాంటాక్ట్, జాగాలో ట్రాన్సిస్టర్ వచ్చింది.

ఇప్పుడు ఆ కుడి చక్రం సంగతి. మాగ్నెట్‌కు పట్టీ ఎక్కడున్నదో తెలియాలంటే, పట్టీకి పట్టీకి మధ్యన అయస్కాంతానికి దారి తక్కువ ఉండాలె. చక్రమే అంటుకునే లోహమైతే పట్టీల మధ్యన కూడా కొంత దారి దొరుకుతది. అప్పుడు లాగుడులో తేడా తగ్గిపోతది. అందుకే చక్రం ఇత్తడి, కంచు, అల్యూమినియం, లేకుంటే 316ఎల్ కావాలె. దీనికి ఉల్టా తప్పు కూడా మస్తుమంది చేస్తరు: ప్రింట్ ఎట్లాగో అయితున్నది గదా అని మాగ్నెట్ బొడ్డు (వైర్ చుట్టే నడిమి ముక్క), పట్టీలు కూడా 316ఎల్‌లోనే కొట్టిస్తరు. అది చూడనీకి ఇనుమే గాని, మాగ్నెట్ పనికి కట్టెతో సమానం. ఆర్డర్ పెట్టేముందు ఆ లోహం ముక్క ఒకటి అడిగి అయస్కాంతం పెట్టి చూడుండ్రి. 17-4 పీహెచ్ అని ఇంకో స్టెయిన్‌లెస్ ఇస్తమంటరు, అది అంటుకుంటది, చక్రానికి వద్దు.

కాబట్టి ప్రింట్‌కు పోయేవి నాలుగు రకాలు: చక్రం, ఇరుసును మోసే రెండు స్తంభాలు, ఇరుసు మీద తిరుగుతూ పత్తీని తగిలించి విడిచే ఆరు పళ్ళ బిళ్ళ, అంటే క్యామ్, పత్తీని పట్టుకునే దిమ్మ. ఇనుము పని అంతా లేత్ మీదనే.

గీసుడు ఫ్రీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. పాత మోటర్ ఫొటోను వెనక పెట్టి, తెలిసిన ఒక కొలతతో స్కేల్ సరిచేసుకోవాలె. మ్యూజియం కేటలాగుల్లో ఎత్తు, వెడల్పు రాసి ఉంటయి, అవి చాలు. మీరే ఫొటో తీసేటట్టయితే మూడు మీటర్లు ఎనకకు జరిగి జూమ్ చెయ్యుండ్రి. దగ్గర నుంచి తీస్తే ముందు స్తంభం లావు, ఎనక స్తంభం సన్నం వస్తది, కొలతలన్నీ చెడిపోతయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి మీద ఎక్కువసేపు కూర్చోవాలె. పాత స్తంభాలు ఇసుక అచ్చులో పోసినయి. అచ్చు నుంచి చెక్క నమూనా లేవాలంటే పక్కలు రెండు డిగ్రీల దాకా వాలుగా ఉండాలె, మూలలు గుండ్రంగా ఉండాలె. కంప్యూటర్‌లో గీసినప్పుడు పక్కలు నిట్టనిలువుగా, మూలలు కత్తి లెక్క వస్తయి. అట్లనే ప్రింట్ చేస్తే ఎంత మెరుగు పెట్టినా కొత్త సామానులాగనే కొడతది, ఎక్కడ తేడా ఉన్నదో చెప్పరాదు గాని కన్ను పట్టేస్తది. అన్ని లోపలి మూలలకు కనీసం ఒక ఎంఎం గుండ్రం, పక్కలకు రెండు డిగ్రీల వాలు ఇయ్యుండ్రి. పాత రూపం ఆ రెండింటిలోనే ఉన్నది.

లోహంలోకి మార్చనీకి రెండు దార్లు. ఒకటి, లేజర్‌తో పొడిని కరగబెట్టే మెటల్ ప్రింటింగ్. పొర మందం 30 నుంచి 50 మైక్రాన్లు. ఈ పని చేసేటోళ్ళు హైదరాబాద్‌లో ఉన్నరు, ఫైల్ పంపితే సీసీ లెక్కన రేటు చెప్తరు. దీంట్ల చక్రం వంగుడు ఎక్కువ. లేజర్ వేడికి లోహంలో బిగువు ఉండిపోతది. వేడి చేసి ఆ బిగువు తీయకముందే ప్రింట్ కింద ఉండే ప్లేట్ నుంచి కోస్తే, సన్న ఆకుల చక్రం అప్పడం లెక్క లేస్తది. "స్ట్రెస్ రిలీఫ్ అయినంకనే కోయాలె" అని ఆర్డర్‌లోనే రాయుండ్రి. లేత్ మీద తీసే ముఖాలకు అర ఎంఎం, సపోర్టులు వచ్చే కింది ముఖానికి ఒక ఎంఎం అదనంగా గీసుకోవాలె. ఇరుసు 6 ఎంఎం అయితే రంధ్రం 5 గీసి, తర్వాత డ్రిల్ చేసి, రంధ్రాన్ని సరైన కొలతకు తెచ్చే రీమర్ పెట్టాలె. ప్రింట్ అయిన రంధ్రం ఎప్పుడూ సరిగ్గా గుండ్రంగా ఉండదు.

రెండోది, నగల పని చేసేటోళ్ళ దారి. మైనం లాంటి రెజిన్‌లో ప్రింట్ చేసి, ప్లాస్టర్‌లో పెట్టి కాల్చి, ఆ ఖాళీలో లోహం పోస్తరు. రూపం దీంట్లనే బాగా వస్తది, పాత మోటర్ కూడా పోతపోసిందే గదా. 70 ఎంఎం చక్రం 100 ఎంఎం ఫ్లాస్క్‌లో (ప్లాస్టర్ పోసే గొట్టం) పడతది. కానీ ఇత్తడి అంటే చాలామంది వద్దంటరు. ఇత్తడిలోని జింక్ 907 డిగ్రీలకే మరిగి పొగ అయితది, మిషన్ ఖరాబు చేస్తది. వాళ్ళతో కొట్లాడొద్దు, సిలికాన్ కంచు పోయించుకోండి, అది కూడా అయస్కాంతానికి అంటదు. చల్లారినంక సుమారు 2 శాతం దాకా కుంచుకపోతది. ముందు 50 ఎంఎం పట్టీ ఒకటి పోయించి కొలిచి, ఎంత తగ్గితే అంత పెంచి ఫైల్ చెయ్యాలె.

ఇప్పుడు ఇనుము. బొడ్లకు 10 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్, పట్టీలకు 10 వెడల్పు, 8 మందం, 40 పొడుగు. ఒక్కో పట్టీ 25 గ్రాములు వస్తది, ఆరింటినీ తూచి సమానం చేసుకోండి. కోసినంక అన్నిటినీ ఎర్రగా కాల్చి, బూడిదలో పాతిపెట్టి తెల్లారిందాక వదిలెయ్యాలె. గబగబా చల్లారిస్తే ఇనుము గట్టిపడి, కరెంటు తెగినంక కూడా అయస్కాంతం పట్టుకొని ఉంటది. పరీక్ష సులువు: కాయిల్‌కు కరెంటు ఇచ్చి తీసి గుండుసూది దగ్గర పెట్టుండ్రి. సూది రాలిపోవాలె. వేలాడితే మళ్ళ కాల్చాలె.

పట్టీలను చక్రం అంచు మీద 3 ఎంఎం లోతు గాళ్ళలో కూర్చోబెట్టి, ఒక్కోదానికి ఎం3 ఇత్తడి స్క్రూ. బిగించినంక, ఇరుసు మీదనే, మొత్తం చక్రాన్ని లేత్ మీద సరిగ్గా 80 ఎంఎంకు తీయాలె. కత్తి ఆగి ఆగి తగులుతది కాబట్టి స్పీడ్ తక్కువ, కోత ఒక పాయింట్ మాత్రమే, అంటే 0.1 ఎంఎం. పట్టీలను విడివిడిగా తీసి బిగిస్తే ఎట్లయినా 0.2 అటిటు అయితది. మాగ్నెట్‌కు పట్టీకి మధ్యన మనం పెట్టే గాలి సందే అర ఎంఎం. అండ్ల 0.2 పోతే ఒక పట్టీ గట్టిగ, ఒక పట్టీ మెత్తగ లాగుతది, ఇరుసు తిరిగే బుష్ ఒక పక్కనే అరుగుతది.

కాయిల్‌కు 24 గేజీ ఎనామిల్ వైర్. ఒక్కో బొడ్డుకు 250 చుట్లు, ఐదు వరసలు. బొడ్లు నాలుగు, వైర్ మొత్తం 44 మీటర్లు, బరువు 100 గ్రాముల లోపే. పాలమూరులో, జడ్చర్లలో, నల్లగొండలో ఏ మోటర్ వైండింగ్ షాపుకు పోయినా దొరుకుతది. సబ్‌మర్సిబుల్‌కు వాడే ప్లాస్టిక్ తొడుగు వైర్ మాత్రం తేవద్దు, తొడుగే సగం జాగా తింటది. బొడ్డుకు ముందు లెదరాయిడ్ పేపర్ చుట్టి, రెండు కొసలకు హైలం షీట్ బిళ్ళలు పెట్టుండ్రి, రెండూ కరెంటు పోనియ్యనివే. నాలుగు కాయిళ్ళు సిరీస్‌లో కలిపితే మీటర్ 3 ఓమ్‌ల పైన చూపిస్తది.

ఒక నాడాకున్న రెండు బొడ్లలో ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం కావాలె. రెండూ ఒకటే అయితే పట్టీ గుండా అయస్కాంతం పారదు, ఎంత కరెంటు ఇచ్చినా లాగుడు లేదు. దిక్సూచి దగ్గర పెడితే ఒక బొడ్డుకు ముల్లు వస్తది, ఇంకో బొడ్డుకు తిరిగిపోతది. రెండింటికీ ఒకే కొస వస్తే ఒక కాయిల్ వైర్లు మార్చుకోండి.

ఇగ ప్రాణం మొత్తం కాంటాక్ట్‌లోనే ఉన్నది. ఇరుసు మీద 20 ఎంఎం క్యామ్, ఆరు పళ్ళు. దాని మీద 0.2 ఎంఎం ఫాస్ఫర్ బ్రాంజ్ పత్తీ ఆనుతది. పత్తీ దిమ్మ కింద హైలం వేసి చట్రం నుంచి విడదీయాలె. క్యామ్‌కు కరెంటు బుష్‌ల గుండా పోనియ్యొద్దు, నూనె పొర అడ్డం పడి చక్రం తడబడతది. ఇరుసును రాస్తూ ఇంకో పత్తీ పెట్టుండ్రి. తగిలే చోట కంసాలి దగ్గర తెచ్చిన వెండి తీగ ముక్కను అతకండి. బోరు స్టార్టర్ పాత పాయింట్లు కోసి వాడదామనుకుంటరు, వాటిలో కొన్నింట్ల కాడ్మియం ఉంటది, ఆకురాయి పొడి పీల్చుడు మంచిది కాదు. పాతకాలంలో కొన్ని మోటర్లకు పాదరసం గిన్నెలే కాంటాక్ట్. ఇంట్లో ఆ పని అసలే చెయ్యొద్దు.

పట్టీ ఎదురుకు రానీకి ఇంకా 25 డిగ్రీలు ఉన్నప్పుడు పత్తీ తగలాలె, 4 డిగ్రీలు ఉండంగనే విడవాలె. అంటే పన్ను వెడల్పు 21 డిగ్రీలు. 4 ఎందుకంటే, విడిచినంక కూడా కాయిల్‌లో కరెంటు కొన్ని క్షణాంశాలు ఉంటది. ఆలోపల పట్టీ దాటిపోతే మాగ్నెట్ ఎనకకు గుంజుతది, అదే బ్రేకు. ఇక్కడనే డయోడ్ (కరెంటును ఒక దిక్కే పోనిచ్చేది) పెట్టేటోళ్ళు బోల్తా పడతరు. నిప్పురవ్వలు తగ్గుతయని కాయిల్ మీద డయోడ్ వేస్తే, ఈ కాయిల్ కరెంటు సచ్చేదాకా 5, 6 మిల్లీసెకండ్లు పడతది. 300 ఆర్‌పీఎం మీద ఒక మిల్లీసెకండ్‌కు చక్రం 1.8 డిగ్రీలు తిరుగుతది. లెక్క కట్టండి, దాదాపు పది డిగ్రీలు అయితది, మనం విడిచింది 4 డిగ్రీల ముందు. నిప్పురవ్వ పోయింది గాని స్పీడ్ కూడా పోయింది. డయోడ్ బదులు 33 ఓమ్, 2 వాట్ల రెసిస్టర్ కాయిల్ రెండు కొసల మధ్యన వేసి చెక్క పీట కింద దాచండి. కరెంటు గబుక్కున సచ్చిపోతది, వెండి కూడా కాలదు.

ఇరుసును చేతితో తిప్పి కరెంటు వస్తదా అని కొందరు చూస్తరు. ఈగలపెంటలో శ్రీశైలం ఎడమ గట్టు పవర్‌హౌస్ మిషన్లు రెండు దిక్కులా పనిచేస్తయి, కరెంటు తీస్తయి, నీళ్ళు ఎనకకు తోడతయి కూడా. ఫ్రొమాన్ చక్రం అట్లా చెయ్యదు, దీంట్ల శాశ్వత అయస్కాంతం లేదు.

ఇగ తిప్పుదాం. 6 వోల్టుల బ్యాటరీ, 3 ఆంప్ ఫ్యూజ్. మాగ్నెట్లను సందు కొలిచే ఫీలర్ గేజీతో అర ఎంఎం సందుకు జరిపి బిగించినం. స్విచ్ వేసినం, తిరగలేదు. భయపడొద్దు, పట్టీ చచ్చిన చోట ఆగి ఉన్నది. వేలితో కొద్దిగా తోస్తే అందుకుంటది. ఇంకో జత మాగ్నెట్లు 90 డిగ్రీల మీద పెడితే లాగుడు రెండింతలు అయితది గాని ఈ చచ్చిన చోటు పోదు. ఆరు పట్టీల మధ్య దూరం 60 డిగ్రీలు, 90 పెడితే సరిగ్గా సగం దూరం తప్పుతది, మొదటి జతకు బలం లేని చోటనే రెండో జతకూ లేదు. తనంతట తను లేవాలంటే మూడు జతలు కావాలె, ఒక్కోటి 20 డిగ్రీలు తప్పించి, ఒక్కోదానికి వేరే పత్తీ.

తోసినంక కూడా తిరగక గజగజ వణికితే క్యామ్ ఆలస్యంగా విడుస్తున్నట్టు. క్యామ్‌ను ఇరుసుకు పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ వదులు చేసి, క్యామ్‌ను చక్రం తిరిగే దిక్కుకే ఒకటి రెండు డిగ్రీలు జరపండి. ఈ క్యామ్ మీద ఒక డిగ్రీ అంటే 0.17 ఎంఎం, వెంట్రుకవాసి అన్నట్టే, అందుకే ప్రింట్ అయిన పళ్ళను సన్న ఎమరీతో నున్నగా చెయ్యాలె. చక్రం ఆగిపోయి, పత్తీ తగిలి ఉంటే వెంటనే స్విచ్ తియ్యండి. దాదాపు 2 ఆంపులు పోతుంటయి, ఆ 100 గ్రాముల రాగి నిమిషానికి 20 డిగ్రీల దాకా వేడెక్కుతది. సరిగ్గా కుదిరినప్పుడు చప్పుడు మారుతది, టకటక పోయి గుయ్యిమని ఒకే రాగం వస్తది. గ్రబ్ స్క్రూ అక్కడనే బిగించండి.