హార్డ్ డిస్కుల్లో మగ్గుతున్న జీవశాస్త్రం

అందరికీ నమస్కారం. ఇక్కడున్న పరిశోధక విద్యార్థుల్లో చాలామంది సీక్వెన్సింగ్, అంటే డీఎన్‌ఏలోని అక్షరాల వరుసను యంత్రంతో చదివించడం, చేయించినవాళ్లే. పేపరు అచ్చయ్యాక ఆ ముడి ఫైళ్లు ఎక్కడికి పోతున్నాయి? ల్యాబు బీరువాలోని ఏదో హార్డ్ డిస్కులోకి. పీహెచ్‌డీ ముగించుకుని ఆ కుర్రాడో అమ్మాయో వెళ్లిపోతే, ఏ ఫైలు ఏ నమూనాదో చెప్పే దిక్కుండదు. ప్రజల డబ్బుతో పుట్టిన డేటా అది.

అలాంటి డేటా కోసమే 2022 నవంబరులో ఫరీదాబాద్‌లోని రీజినల్ సెంటర్ ఫర్ బయోటెక్నాలజీలో ఇండియన్ బయలాజికల్ డేటా సెంటర్ మొదలైంది. పొట్టిగా ఐబీడీసీ. మొదలైననాటికే 4 పెటాబైట్ల, అంటే దాదాపు 40 లక్షల గిగాబైట్ల నిల్వ సామర్థ్యం. ఏదైనా విపత్తు వస్తే డేటా పోకుండా భువనేశ్వర్‌లోనూ ఏర్పాటు ఉంది.

‘అమెరికా వాళ్ల జన్యుక్రమాల బ్యాంకు జెన్‌బ్యాంక్ 1982 నుంచీ ఉందిగా, యూరప్, జపాన్ బ్యాంకులతో రోజూ డేటా ఇచ్చిపుచ్చుకుంటోందిగా, మళ్లీ మనకొకటి ఎందుకు’ అని అడగొచ్చు. బ్యాక్టీరియా విషయంలోనో వరి వంగడాల విషయంలోనో ఆ ప్రశ్న సబబే. మనుషుల జన్యువుల దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది.

మన దగ్గరి ఉదాహరణే చూడండి. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. మామూలుగా దాని ప్రభావం నిమిషాల్లో దిగిపోతుంది. కొందరు వైశ్యులకు గంటలు గడిచినా దిగదు, అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. ఆ మందును విరిచే ఎంజైము వాళ్లలో లోపించడమే కారణం. తరతరాలుగా లోపల్లోపలే పెళ్లిళ్లు జరగడంతో ఆ జన్యుమార్పు ఈ సమాజంలో పేరుకుంది. మత్తు డాక్టర్లకు ఇది ముందునుంచీ తెలుసు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన 2017 నాటి అధ్యయనమూ దీన్నే ఉదాహరణగా చూపింది. యూరప్ వాళ్ల జన్యువులతో నిండిన బ్యాంకులో వెతికితే ఇలాంటివి బయటపడవు. అందుకే 10,000 మంది జన్యుక్రమాలు తీసిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు డేటాను ఐబీడీసీలో పెట్టి, 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

అదే డేటా బీమా కంపెనీ చేతిలో పడితే? అందుకే దానికి తాళం ఉంది, అడిగి తీసుకోవాలి. కోవిడ్ వైరస్ జన్యుక్రమానికి అలాంటి తాళం అక్కర్లేదు. 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్త జాంగ్ యోంగ్‌జెన్ బృందం దాన్ని బహిరంగంగా పెట్టిన కొద్ది రోజులకే టీకా రూపకల్పన మొదలైంది. కోవిడ్ వైరస్ మార్పుల మీద కన్నేసే మన ఇన్సాకాగ్ ల్యాబుల నుంచి కూడా 2 లక్షలకు పైగా కోవిడ్ జన్యుక్రమాలు ఐబీడీసీకి చేరాయి.

ఇక అసలు తలనొప్పి: నమూనా వివరాలు. ఆకుదా వేరుదా, ఏ ఊరిది, ఏ తేదీన తీశారు, ఏ యంత్రం మీద చదివారు, ఇవేవీ లేని సీక్వెన్సు పేరు చెరిగిపోయిన మందు సీసా లాంటిది. ఆ ఎక్సెల్ షీటు నింపడానికి ఎవరికీ మనసొప్పదు. నిజం చెప్పాలంటే తప్పు విద్యార్థులది కాదు. ప్రమోషన్ ఇచ్చే కమిటీలు పేపర్లు లెక్కపెడతాయే గానీ, ఎంత డేటా జమచేశావని అడగవు. 2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ బయోటెక్ ప్రైడ్ మార్గదర్శకాలు డేటాను పంచుకోమంటున్నాయి, సంతోషమే. కానీ జీతంలోనూ హోదాలోనూ కనబడనిదాన్ని ఎంతమంది ఓపిగ్గా చేస్తారు?

నాకు నచ్చనిది ఇంకొకటుంది. తాళం వేసిన డేటా కావాలంటే దాన్ని జమచేసినవారే అనుమతివ్వాలని ఐబీడీసీ పద్ధతి. పోటీ ల్యాబు అడిగితే జమచేసినాయన ఎందుకిస్తాడు? ఆ నిర్ణయం జమచేసినవారి చేతిలో కాకుండా వేరే కమిటీ చేతిలో ఉండాలి, ఇన్ని రోజుల్లో జవాబివ్వాలన్న గడువూ ఉండాలి. మీరేమంటారో వినాలని ఉంది. మైకు అటు ఇవ్వండి.